పాటల పెట్టె: నాణెపు యంత్రము నుండి తాకుతెర వరకు

పాటను పట్టి నిలుపుట ఒక పని. నిలిపిన పాటలలో కావలసినదానిని కావలసినప్పుడు బయటకు తీయుట వేరొక పని. మొదటి పనికి ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫుతో దారి చూపినాడు; ఆయన పేరు ప్రతి విద్యార్థికీ తెలుసు. రెండవ పని చేసినవారి పేర్లు పాఠ్యపుస్తకములలో కనబడవు. కాని నేడు గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో ఒక ఇంటిలో చిన్న కంప్యూటరును అమర్చుకొని, దాని తెరపై వ్రేలు ఆనించి కోరిన పాట వినుటకు వీలైనదంటే, అది ఆ రెండవ పని చేసినవారి చలువయే.

1889 నవంబరు 23వ తేదీన అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున, పాలే రాయల్ అను పానశాలలో, లూయీ గ్లాస్ అనునతడు ఒక ఫోనోగ్రాఫును నిలిపినాడు. వైద్యుని స్టెతస్కోపు వంటి గొట్టములు నాలుగు దానికి అమర్చబడినవి. ఒక్కొక్క గొట్టమునకు ఒక్కొక్క నాణెపు రంధ్రము. అయిదు సెంట్ల నాణెము వేసినవాడే ఆ గొట్టమును చెవికి పెట్టుకొని వినగలడు. ప్రక్కనున్నవానికి ఏమియు వినిపించదు. ధ్వనిని పెద్దది చేయు విద్య అప్పటికి లేదు. అన్నిటికంటె గమనింపదగిన సంగతి, ఆ యంత్రములో ఉన్నది ఒక్క మైనపు స్తూపమే. యజమాని ఏ పాట పెట్టిన ఆ పాటయే వినవలెను. అయినను ఆరు నెలలలోపల ఆ ఒక్క యంత్రము సుమారు వేయి డాలర్లు సంపాదించినది!

ఎన్నుకొను వీలు తరువాత వచ్చినది. 1906లో జాన్ గేబెల్ నిర్మించిన యంత్రములో 24 పళ్ళెములు ఉండెడివి. వినువాడే వానిలో ఒకదానిని ఎన్నుకొని, పిడి త్రిప్పి వినవచ్చును. 1927లో ఒక అమెరికన్ సంస్థ విద్యుత్తుతో ధ్వనిని పెంచు యంత్రమును వెలువరించుటతో, ఒకడు నాణెము వేసిన అందరును వినుట సాధ్యమైనది. 1948లో సీబర్గ్ సంస్థ 50 పళ్ళెముల రెండు ప్రక్కలను వాయించి 100 పాటలు వినిపించినది. ‘జూక్‌బాక్సు’ అను పేరు అప్పటికి స్థిరపడియున్నది. అమెరికా దక్షిణ తీరపు నీగ్రో జాతివారి గల్లా భాషలో అల్లరి చిల్లరి అను అర్థము గల ఒక మాట నుండి ఈ పేరు పుట్టినదని చెప్పుదురు. పెద్దమనుషులు దానిని చాలకాలము ఈసడించుకొన్నారు కూడ.

1955లో అదే సంస్థ 200 పాటల పెట్టెను చేసినప్పుడు ఒక చిక్కు వచ్చినది. పదిమంది పది నాణెములు వేసి పది పాటలు కోరినచో, యంత్రము వాని నన్నిటిని గుర్తుంచుకొనవలెను గదా! అందుకై ఒక్కొక్క పాటకు ఒక్కొక్క చిన్న ఫెర్రైటు ఉంగరము పెట్టినారు. ఉంగరము ఒక దిశలో అయస్కాంతమైనచో ‘కోరినారు’ అని, రెండవ దిశలో అయినచో ‘కోరలేదు’ అని అర్థము. ఆ కాలపు కంప్యూటర్ల జ్ఞాపకశక్తి కూడ ఇట్టి ఉంగరములతోనే పనిచేసెడిది. పాటల పెట్టె అప్పటికే సగము కంప్యూటరు అయినదనిన తప్పు లేదు.

ఈ పెట్టెలు బొంబాయిలోని కొన్ని ఇరానీ హోటళ్ళలో కనబడెడివి గాని, మన పల్లెలకు రాలేదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ అయిన గద్వాలకును, కృష్ణకు ఈవలనున్న వనపర్తికిని, నల్లమల అంచునున్న నాగర్‌కర్నూలుకును పాట వేరు దారులలో వచ్చినది. ఈ మూడును 2016 అక్టోబరు 11వ తేదీ వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. ఆనాడు వేర్వేరు జిల్లాలయినవి. హైదరాబాదులో దక్కన్ రేడియో 1935లో మొదలై, 1950లో ఆకాశవాణిలో కలిసినది. 1957లో వివిధభారతి వచ్చినది. శ్రోతలు తమకు కావలసిన పాటను కార్డుపై వ్రాసి పంపి, పేరు ఎప్పుడు చదువుదురా యని చెవులు రిక్కించుకొని కూర్చుండెడివారు. పెండ్లిండ్లకును, జాతరలకును మైకుసెట్టువాడు రికార్డుల పెట్టెతో వచ్చెడివాడు. పెండ్లివారి పిల్లలు వాని చుట్టును మూగి ‘ఈ పాట వేయుము, ఆ పాట వేయుము’ అని వేధించెడివారు. ఫిలిప్స్ సంస్థ 1963లో వెలువరించిన క్యాసెట్టు మన ఊళ్ళలో వ్యాపించిన పిదప, దుకాణదారునకు పాటల పేర్లు చీటీ వ్రాసి యిచ్చి, ఖాళీ క్యాసెట్టుపై నింపించుకొను అలవాటు ఏర్పడినది. నాణెము లేదు, పెట్టె లేదు, కాని ఎన్నిక ఉన్నది. మన జూక్‌బాక్సు ఆ చీటీయే.

అయితే ఆ చీటీలో ఏ పాట వ్రాయగలము? దుకాణములో ఉన్న పాటనే. దుకాణములో ఏది ఉండును? ఎవరో రికార్డు చేసినదే. పది అంగుళముల 78 వేగపు పళ్ళెము ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములే పాడును. రంగస్థల పద్యము, కీర్తన, సినిమా పాట ఆ మూడు నిమిషములలో ఒదిగినవి. ఒదగనివానిని కత్తిరించి ఒదిగించినారు. పాలమూరు ప్రాంతపు కిన్నెరపై పాడు పండుగ సాయన్న కథ, మియాసాబు కథ వంటి కథాగానములు మూడు నిమిషములలో పుట్టినవి కావు. అవి వినువారి ఓపికను బట్టి సాగును, కుదియును. పళ్ళెపు కొలత వాని కొలత కాదు.

ఈ కొలతను చెరిపివేసినది సంఖ్యాపద్ధతి. దానిని గ్రహించుటకు గద్వాల విద్యార్థికి దూరము పోనక్కరలేదు. చీరల అంచులు నేయు జాకార్డు మగ్గము పైన రంధ్రములు గల అట్టల దండ వ్రేలాడుచుండును. అట్టలో రంధ్రమున్నచోట దారము లేచును, లేనిచోట లేవదు. ఎంత గొప్ప పువ్వైనను, నెమలియైనను అట్టపై ‘ఉన్నది, లేదు’ అను రెండు మాటలుగానే నిలిచియుండును. జాకార్డు ఈ ఏర్పాటును ఫ్రాన్సులో 1804 ప్రాంతమున సాధించినాడు. ఆ శతాబ్దపు చివరను రంధ్రముల కాగితపు చుట్టతో దానంతట అదే వాయించుకొను పియానోలు వచ్చినవి. సంగీతమును రంధ్రములుగా వ్రాయుట, చీరను రంధ్రములుగా వ్రాయుట ఒకే జాతి పనులు.

1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు చేసిన పని ఇదే. ధ్వని తరంగము ఎత్తును క్షణమునకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 ‘ఉన్నది, లేదు’లుగా వ్రాయుదురు. కుడి ఎడమలు రెండింటికిని కలిపి క్షణమునకు 14,11,200 బిట్లు అగును. ఇది పెద్ద బరువు. జర్మనీలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ మున్నగువారు మనిషి చెవి గుణమును ఆధారము చేసికొని దీనిని తగ్గించినారు. పెద్ద ధ్వని మ్రోగుచుండగా దాని చెంతనున్న చిన్న ధ్వని మనకు వినబడదు. వినబడనిదానిని వ్రాయుట దేనికి? ఇదియే ఎం.పి.3 పద్ధతి. 128 కిలోబిట్ల వేగమున బరువు పదకొండవ వంతు అగును. 32 గిగాబైట్ల గోరంత కార్డులో ఆ లెక్కన 555 గంటల ధ్వని పట్టును. మూడేసి నిమిషముల లెక్కన 11,000 పైచిలుకు పాటలు. లేక, ఒక్క గంట కూడ కత్తిరింపని కథాగానములు అయిదువందలకు పైగా.

ఇక తాకుతెర. ఇంగ్లండులోని మాల్వర్న్‌లో రాడారు పరిశోధన చేయుచుండిన ఇ. ఎ. జాన్సన్ 1965లో వ్రేలితో తాకి పనిచేయించు తెరను గూర్చి ప్రకటించినాడు. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయమున బెంట్ స్టుంప్ 1970 తరువాతి సంవత్సరములలో అట్టి పారదర్శకపు తెరను యంత్రనియంత్రణకు చేసినాడు. మనిషి శరీరము విద్యుత్తును కొంత గ్రహించును. తెర అడుగున సన్నని వాహకపు పూత ఉండును. వ్రేలు సోకినచోట విద్యుదావేశము మారును. ఆ మార్పు ఎక్కడ జరిగినదో యంత్రము లెక్కవేయును. చదువురాని ముసలమ్మ కూడ బొమ్మను చూచి పాటను ఎన్నుకొనగలుగుట దీని వలన కలిగిన మేలు. అక్షరములతో నిండిన మీటల పలకకు ఆ సౌకర్యము లేదు.

ఇంటిలో అమర్చుకొనుటకు పెద్ద ఖర్చు అక్కరలేదు. బ్రిటనులో 2012లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై అను అరచేతి కంప్యూటరు, 2015లో దానికి తోడుగా వచ్చిన ఏడంగుళముల తాకుతెర, ఒక కార్డు, ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు చాలును. పాతబడిన టాబ్లెట్టు అయినను పనికివచ్చును. వోల్యుమియో, కోడి వంటి ఉచిత సాఫ్టువేరులు పాటల పట్టికను తెరపై చూపును. కొన్ని చిన్న కంప్యూటర్ల స్వంత ధ్వనిద్వారము అంత మేలైనది కాదు. సంఖ్యలను తిరిగి ధ్వనిగా మార్చు వేరొక చిన్న పలకను చేర్చినచో గొంతు స్పష్టముగా పలుకును. వనపర్తి రాజప్రాసాదములో 1959 నుండి పాలిటెక్నిక్ నడచినది. అట్టి ఊరిలో ఈ పలకను అతుకగల చేతులకు కొదువ ఉండదు. ఒక హెచ్చరిక: కరెంటు హఠాత్తుగా పోయినచో కార్డులోని వ్రాత చెడవచ్చును. యంత్రమును పద్ధతిగా ఆపవలెను, పాటల నకలు వేరొకచోట ఉంచవలెను.

ఇంతవరకు అంతయు సులభమే. కష్టము పట్టికలో ఉన్నది. తెరపై కనబడు పేరు పాటలో నుండి రాదు. ఎవరో ఒకరు వ్రాసియుండవలెను. ఎం.పి.3 పాటకు తోక తగిలించి దానిలో పేరు వ్రాయు పద్ధతిని 1996లో ఎరిక్ కెంప్ ఏర్పరచినాడు. దానిని ఐ.డి.3 అందురు. తోక మొత్తము 128 బైట్లు. పాట పేరుకు 30, పాడినవారికి 30, సంపుటమునకు 30. ఆంగ్లమున ఒక అక్షరమునకు ఒక బైటు కనుక అది వారికి చాలినది. తెలుగునకు ఆ పద్ధతిలో చోటే లేదు. యూనికోడులో, యు.టి.ఎఫ్.-8 పద్ధతిన వ్రాసితిమనుకొన్నను, ప్రతి అక్షరమునకు, గుణింతపు గుర్తునకు, సున్నకు, పొల్లునకు మూడేసి బైట్లు కావలెను. ‘పండుగ సాయన్న’ అను పేరు 34 బైట్లు! తోకలో పట్టదు. ఇంకొక వింత: పాట ఏ జాతిదో తెలుపుటకు ఒక సంఖ్య ఇచ్చినారు. 0 నుండి 79 వరకు గల మొదటి 80 జాతులలో బ్లూసు ఉన్నది, రాక్ ఉన్నది, డిస్కో ఉన్నది, జానపదము లేదు. దానిని విన్‌యాంప్ అను సాఫ్టువేరువారు 80వ సంఖ్యగా తరువాత చేర్చినారు. 1998లో మొదలైన రెండవ తరపు ఐ.డి.3 ఈ ఇరుకును తొలగించినది; తెలుగు పేర్లు నేడు నిరాటంకముగా వ్రాయవచ్చును. వ్రాయువారే కావలెను.

పట్టికలో లేనిది లోకములో లేనట్లే తోచునని ఈ ప్రాంతమువారికి ఒకరు చెప్పనక్కరలేదు. నిజాము రాజ్యమున తెలుగు కవులే లేరన్న మాట ఒకనాడు వచ్చినది. గద్వాల ప్రాంతపు సురవరము ప్రతాపరెడ్డి దానికి వాదముతో బదులు చెప్పలేదు. 354 మంది కవులను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించినాడు. పేరు, ఊరు, పద్యము. అంతకంటె గట్టి జవాబు లేకపోయినది.

పాటలకు అట్టి సంచిక ఇంకను కావలసియున్నది. వెదురు దండమునకు ఎండిన సొరబుర్రలు కట్టి, మైనముతో మెట్లు నిలిపిన పన్నెండు మెట్ల కిన్నెరను వాయించు దర్శనం మొగులయ్య నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలమువారు. 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రగీతమునకు ముందు ఆయన గొంతు కొద్దిసేపు వినబడగా రెండు రాష్ట్రములును ఉలికిపడినవి. 2022లో పద్మశ్రీ లభించినది. అంతకుముందు ఎన్నో ఏండ్లు ఆయన అదే కిన్నెరతో ఊరూర తిరిగినారు. ఒకరికి ఇంత పేరు వచ్చిన తరువాత కూడ పట్టిక తప్పు చేయును: ఒకచోట ‘మొగులయ్య’ అనియు, వేరొకచోట ‘మొగిలయ్య’ అనియు వ్రాసినచో యంత్రము ఇద్దరు గాయకులున్నారని లెక్కించును. ‘గద్వాల’, ‘గద్వాల్’ రెండూళ్ళగును. పేరు వ్రాయుటలో ఒక పాఠశాల ఒక పద్ధతిని నిర్ణయించుకొని, దానిని విడువకుండుట మంచిది.

కార్డులో చోటు చవుక కనుక, రికార్డు చేయునప్పుడు ఎం.పి.3గా కాక, ఏమియు పోగొట్టని ఫ్లాక్ వంటి పద్ధతిలో మూలప్రతిని దాచి, వినుటకు మాత్రమే ఎం.పి.3 నకలును పెట్టెలో వేయవలెను. మొదట పాడువారి అనుమతి కోరవలెను, పాట వారిది. పిదప తోకలో పాడినవారి పేరు, వాద్యము, కథ పేరు, తేదీ, ఊరు వ్రాయవలెను. మొగులయ్యగారి స్వగ్రామమైన అవుసలికుంట పేరు యు.టి.ఎఫ్.-8లో సరిగా 30 బైట్లు; పాత తోకలో సైతము అది పట్టియుండెడిది.