కంప్యూటరు ఆయుష్షు ఎవరు వ్రాస్తారు?

పుట్టగానే బ్రహ్మ నుదుటి మీద ఆయుష్షు వ్రాస్తాడంటే మనం నవ్వుతాం. ఫలానా ఏట గండం ఉందని చెప్పే జ్యోతిష్కుడిని ఋజువు అడుగుతాం. కానీ షాపువాడు "ఈ కంప్యూటరుకి వయసైపోయింది" అంటే మాత్రం ఏ ఋజువూ అడగకుండా పర్సు తీస్తాం. హేతువాదులమని చెప్పుకునేవాళ్ళం కూడా ఇందుకు మినహాయింపు కాదు.

నేను ఢిల్లీలో మయూర్ విహార్‌లో ఉంటాను. మా పక్క ఫ్లాటులోనిది కూడా తెలుగు కుటుంబమే. వాళ్ళమ్మాయి బీకాం చదువుతోంది. 2016లో వాళ్ళ నాన్న కొన్న లాప్‌టాప్‌తోనే ఇంతవరకూ నెట్టుకొచ్చింది. 2025 అక్టోబరులో తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది: విండోస్ 10కి మద్దతు ముగిసింది, మీ కంప్యూటరు విండోస్ 11కి అర్హమైనది కాదు అని. నెహ్రూ ప్లేస్‌కి తీసుకువెళితే ఒక షాపతను మూత కూడా తెరవకుండా "ఇస్‌కీ ఉమర్ హో గయీ" అన్నాడట. పాతది వెయ్యి రూపాయలకు తీసుకుంటాను, కొత్తది కొనుక్కోండి అన్నాడట.

"అంకుల్, ఇది నిజంగా పాడైపోయిందా?" అని అడిగింది ఆ అమ్మాయి.

పాడవలేదు. కీబోర్డు, తెర, డిస్కు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. జరిగిందల్లా ఇది. 2021 అక్టోబరులో విండోస్ 11 విడుదల చేస్తూ మైక్రోసాఫ్టు రెండు షరతులు పెట్టింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరు అయితే, కొద్ది మినహాయింపులు తప్ప, 8వ తరానిదో ఆ తరువాతిదో అయి ఉండాలి. 8వ తరం ప్రాసెసర్లు వచ్చింది 2017లో. కాబట్టి 2016 నాటి యంత్రం గీతకి అవతల పడింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. డబ్బు కట్టే సంస్థలకు మూడేళ్ళ దాకా, ఇళ్ళలో వాడుకునేవారికి 2026 అక్టోబరు 13 దాకా భద్రతా సవరణలు ఇస్తామని అదే కంపెనీ ప్రకటించింది. అంటే సవరణలు తయారవుతూనే ఉన్నాయి. "సాధ్యం కాదు" అన్నదానికీ "ఇవ్వదలచుకోలేదు" అన్నదానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఈ ప్రశ్న మన దేశానికి కొత్తది కాదు. దీనికి యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆసక్తికరమైన విషయమేమిటంటే, అప్పటి ఫిర్యాదు ఇప్పటి ఫిర్యాదుకి సరిగ్గా తలకిందులు.

ఐబీఎం 1959లో 1401 అనే కంప్యూటరును ప్రకటించింది. 1964లో సిస్టమ్ 360 వచ్చాక అమెరికాలో 1401 పాతబడింది. వాడేసిన ఆ యంత్రాలనే ఇక్కడికి తెచ్చి, బాగుచేసి, మన సంస్థలకు అద్దెకిచ్చారు. పాత యంత్రాలు అంటగట్టి పెద్ద అద్దెలు వసూలు చేస్తున్నారని 1970లలో పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ దాకా విమర్శ వెళ్ళింది. 1973 నాటి ఫెరా చట్టం విదేశీ కంపెనీల వాటాను సాధారణంగా 40 శాతానికి పరిమితం చేసింది. ఐబీఎం దానికి ఒప్పుకోలేదు. 1978లో దేశం వదిలి వెళ్ళింది.

మరి ఆ యంత్రాలు ఏమయ్యాయి? తయారు చేసినవాడే వెళ్ళిపోయాక అవి మూలపడాలి కదా? పడలేదు. కంప్యూటరు మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సీఎంసీ అనే సంస్థను కేంద్ర ప్రభుత్వం 1975లోనే పెట్టింది. దేశమంతటా 800కు పైగా చోట్ల ఉన్న ఐబీఎం యంత్రాల బాధ్యత ఆ సంస్థ తీసుకుంది. ఐబీఎంలో పనిచేసిన ఇంజనీర్లు చాలామంది ఇందులో చేరారు. జీతాల లెక్కలు, బిల్లులు ఆగిపోలేదు. 1980ల మధ్యలో న్యూఢిల్లీలో రైల్వే రిజర్వేషన్లను కంప్యూటరీకరించింది కూడా ఈ సీఎంసీయే. హైదరాబాదు వాళ్ళకి ఈ పేరు బాగా పరిచయం. 2015లో అది టీసీఎస్‌లో కలిసిపోయింది.

ఇదంతా దేశభక్తి మహిమ అనుకుంటే పొరపాటు. 1401 చిన్న చిన్న సర్క్యూటు కార్డులతో కట్టిన యంత్రం. ఒకటి చెడితే దాన్ని లాగేసి ఇంకొకటి పెట్టవచ్చు. ఏ తీగ ఎక్కడికి పోతుందో చెప్పే పటాలున్నాయి, అవి చదవగలిగిన మనుషులున్నారు. తయారీదారు సంతకం ఉంటే తప్ప నడవనని మొరాయించే తాళం ఆ యంత్రంలో లేదు. అమెరికాలో అయితే 1956లోనే ప్రభుత్వంతో కుదిరిన కోర్టు ఒప్పందం ప్రకారం, బయటి రిపేరు వాళ్ళకు విడిభాగాలూ సాంకేతిక సమాచారమూ ఇవ్వడానికి ఐబీఎం అంగీకరించాల్సి వచ్చింది. ఇవాళ మనం రిపేరు హక్కు అంటున్నది కొత్త ఆలోచనేమీ కాదు.

ఇక్కడ ఆగి అవతలి వాదన కూడా వినాలి. వినకపోతే మనకీ భక్తులకీ తేడా లేదు. పాత యంత్రాలకు మద్దతు ఇవ్వాలంటే ఖర్చవుతుంది, ప్రతి మార్పునీ ప్రతి పాత మోడలు మీదా పరీక్షించాలి. లాభం కోసం పనిచేయని లినక్స్ కెర్నెల్ వాళ్ళు కూడా 1985 నాటి 386 ప్రాసెసరును 2012లో వదిలేశారు. ఎవరూ ఏ యంత్రాన్నీ శాశ్వతంగా మోయలేరు.

భద్రత వాదన కూడా వట్టిది కాదు. 2017 మేలో వన్నాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. అప్పుడు అందరూ మద్దతు ఆగిపోయిన విండోస్ ఎక్స్‌పీని తిట్టారు. కానీ ప్రపంచవ్యాప్తంగా దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలని తరువాత తేలింది. వాటికి కావలసిన సవరణ మార్చిలోనే వచ్చింది, వేసుకోలేదు. మరోవైపు, 2014లోనే మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా దాడి జరగగానే మైక్రోసాఫ్టు సవరణ విడుదల చేసింది. ఇందులో రెండు పక్షాలకీ పాఠం ఉంది. మద్దతు ఉన్నంత మాత్రాన రక్షణ రాదు. ఆగిపోయిన మద్దతు తిరిగి రాదన్నదీ నిజం కాదు.

వదిలేసిన యంత్రాలు ఎక్కడికి పోతాయో చూడాలంటే ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్ వెళ్ళండి. నేను రెండుసార్లు వెళ్ళాను. ఇరుకు గదుల్లో వట్టి చేతులతో బోర్డులు ఊడదీస్తుంటారు. రాగి కోసం తీగలు కాల్చడం, లోహాల కోసం బోర్డులను యాసిడ్‌లో ముంచడం ఈ వ్యాపారంలో భాగం. సీసం, కాడ్మియం చేరేది ఆ మనుషుల ఒంట్లోకే. మద్దతు తేదీ నిర్ణయించేవాడు ఆ పొగ పీల్చడు.

2023 ఏప్రిల్ నుంచి అమలైన ఈ-వ్యర్థాల నియమాలు తయారీదారులకు రీసైక్లింగు లక్ష్యాలు పెట్టాయి. బాగానే ఉంది. కానీ ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలో వాటిలో లేదు. శవదహనానికి ఏర్పాట్లు చేసి, బతికుండగా వైద్యం సంగతి మరిచిపోయినట్టుంది.

నేను కోరేది శాశ్వత మద్దతు కాదు. మూడే మూడు. మద్దతు ఏ తేదీ వరకో అమ్మేటప్పుడే డబ్బా మీద ముద్రించాలి. భద్రతా సవరణలు డబ్బున్న సంస్థలకు ఎన్నాళ్ళు ఇస్తారో మామూలు మనుషులకూ అన్నాళ్ళు ఇవ్వాలి. చివరికి మానుకున్న రోజున తాళాలు తీసి, సమాచారం బయటపెట్టి, చేయగలిగినవాడిని చేసుకోనివ్వాలి. 1978లో ఐబీఎం వెళ్ళిపోయినా యంత్రాలు నడిచాయంటే కారణం ఇదే: తెలివి కంపెనీతో పాటు విమానం ఎక్కి వెళ్ళిపోలేదు.

మా పక్కింటి అమ్మాయి లాప్‌టాప్‌ను ఆ అదనపు ఏడాది పథకంలో చేర్పించాను. లినక్స్ వేద్దామంటే కాలేజీ వాళ్ళు చెప్పిన సాఫ్ట్‌వేరు విండోస్ మీదే నడుస్తుందట. ఆ తరువాత ఏమిటని అడిగింది. తేలికైన జవాబు నా దగ్గర లేదు. ఒకటే చెప్పాను: "అమ్మా, ఈసారి ఎవరైనా దీని వయసైపోయిందంటే, ఏ భాగం పాడైందో చూపించమని అడుగు."