వంట సామాన్ల వీధిలో వందేళ్ల జపాన్

టోక్యో వెళ్లిన మనవాళ్లు అసాకుసాలో సెన్సోజీ ఆలయం చూస్తారు. ఉఎనో పార్కులో చెర్రీ చెట్ల కింద ఫొటోలు దిగుతారు. ఈ రెండింటికీ నడుమ ఉన్న కప్పాబషి వీధిని మాత్రం చాలామంది చూడకుండానే వచ్చేస్తారు. పొడవు సుమారు 800 మీటర్లు. అటూ ఇటూ కలిపి దాదాపు 170 దుకాణాలు. కూరగాయలు, సరుకులు కొనడానికి ఎవరూ ఇక్కడికి రారు. వండటానికి, వడ్డించడానికి, హోటల్ పెట్టడానికి ఏమేం కావాలో అవన్నీ ఇక్కడ ఉంటాయి. కత్తులు, పెనాలు, ఇనుప కెటిల్స్, వెదురు ఆవిరి బుట్టలు, లక్క పూసిన గిన్నెలు, గుమ్మానికి కట్టే గుడ్డ తెరలు, కాగితపు లాంతర్లు, చివరికి అద్దాల వెనక పెట్టే ఉత్తుత్తి భోజనాలు కూడా.

వీధికి దక్షిణం వైపు ఒక భవనం నెత్తిన భారీ వంటవాడి తల కనిపిస్తుంది. తెల్ల టోపీ, గుబురు మీసం. అది నీమి అనే దుకాణానిది. ఆ తల కనిపించిందంటే కప్పాబషి వచ్చేసినట్టే.

వంట సామాన్ల బజారు ఏ ఊళ్లోనైనా ఉంటుంది. కానీ ఇక్కడ అరల మీద ఉన్న ఒక్కో వస్తువూ జపాన్ చరిత్రలోని ఒక్కో మలుపును పట్టి చూపిస్తుంది. మాంసం తినడంపై ఆంక్షలు పోవడం, మహా భూకంపం, యుద్ధం, ఇంటింటికీ కరెంటు కుక్కర్ రావడం... ఇలా ఆధునిక జపాన్ కథనంతా ఈ వీధిలో గిన్నెలూ గరిటెల సాక్షిగా చదువుకోవచ్చు.

కాలువ గట్టున పాత సామాన్లు

ఇది పల్లపు ప్రాంతం. గట్టి వాన పడితే ఇళ్లలోకి నీళ్లొచ్చేవి. 19వ శతాబ్దం తొలినాళ్లలో కిహాచి అనే వానకోట్ల వ్యాపారి సొంత డబ్బుతో కాలువ తవ్వించడానికి పూనుకున్నాడని స్థానికులు చెబుతారు. పని ఎంతకీ తెమల్లేదు. సుమిదా నదిలో ఉండే ‘కప్పా’లు అతని మంచితనానికి మెచ్చి, రాత్రిళ్లు వచ్చి తవ్వి పెట్టాయట. కప్పా అంటే జపాన్ జానపద కథల్లోని నీటి జీవి. వీపున తాబేటి డిప్ప, నడినెత్తిన నీళ్లు నిలిచే పళ్లెం ఉంటాయి. దానికి కీరదోసకాయలంటే ప్రాణం. పని చేస్తున్న కప్పాలను కళ్లారా చూసినవాళ్లకు వ్యాపారం కలిసొచ్చిందని కూడా కథలో ఉంది. దగ్గర్లోని సోగెన్జీ ఆలయంలో ఇప్పటికీ కప్పాకు కీరదోసకాయలు నైవేద్యం పెడతారు. 2003లో, వీధికి 90 ఏళ్లు నిండిన సందర్భంగా, వర్తకులు బంగారు రంగులో మెరిసే కప్పా విగ్రహాన్ని నిలబెట్టారు.

బజారు మొదలైంది మాత్రం 1912 ప్రాంతంలో. షింబోరి అనే కాలువకు రెండు వైపులా కొందరు పాత సామాన్ల వ్యాపారులు అంగళ్లు పెట్టారు. మూతపడ్డ హోటళ్ల నుంచి పాత్రలు, బల్లలు కొని, బాగుచేసి, కొత్తగా హోటల్ పెట్టేవాళ్లకు అమ్మేవారు. పక్కనే అసాకుసా. ఆ రోజుల్లో టోక్యోకు వినోద కేంద్రం అదే. నాటకశాలలు, సినిమా హాళ్లు, వాటి చుట్టూ తిండి దుకాణాలు. రోజూ ఎక్కడో ఒకచోట హోటల్ తెరుస్తుండేవారు, ఇంకోచోట మూసేస్తుండేవారు. రెండు సందర్భాల్లోనూ ఈ గట్టు మీది వర్తకులకు పని ఉండేది. తర్వాతి కాలంలో ఆ కాలువను కప్పేశారు. అంగళ్లు మాత్రం అక్కడే నిలిచి దుకాణాలయ్యాయి.

మధ్యాహ్నం వంట వేళ

1923 సెప్టెంబరు 1. ఉదయం 11 గంటల 58 నిమిషాలకు భూమి కంపించింది. టోక్యో ఇళ్లలో అది మధ్యాహ్నం వంట వేళ. పొయ్యిలన్నీ మండుతున్నాయి. కొయ్య ఇళ్లు కూలి ఆ పొయ్యిల మీదే పడ్డాయి. గాలి తోడై రెండు రోజులపాటు నగరం తగలబడింది. లక్ష మందికి పైగా చనిపోయారు. అసాకుసా ప్రాంతం చాలావరకు బూడిదైంది. ఆ తర్వాత నగరాన్ని తిరిగి కట్టుకున్నారు. ఇళ్లతోపాటు హోటళ్లూ లేచాయి. అందరికీ మళ్లీ పాత్రలు కావలసి వచ్చాయి.

రెండో దెబ్బ యుద్ధం. 1941లో ప్రభుత్వం లోహ సేకరణ ఉత్తర్వు తెచ్చింది. గుళ్లలో గంటలు, ఇళ్లలో పాత్రలు కరిగి ఆయుధాలయ్యాయి. షిబుయా స్టేషన్ ముందున్న హచికో కుక్క విగ్రహాన్ని కూడా వదల్లేదు. లోహపు పాత్రల బదులు పింగాణీవి తయారు చేయాల్సి వచ్చింది. 1945 మార్చి 10 తెల్లవారుజామున అమెరికా బీ-29 విమానాలు కురిపించిన నిప్పుల బాంబులకు మరో లక్ష మంది బలయ్యారు. భూకంపాన్ని తట్టుకుని నిలిచిన సెన్సోజీ ప్రధాన మందిరం ఆ రాత్రి కాలిపోయింది. 1958లో గానీ దాన్ని తిరిగి కట్టలేకపోయారు.

అంత బూడిదలోంచి కూడా కప్పాబషి మళ్లీ లేచింది. ఆకలితో ఉన్న నగరంలో ముందుగా పుంజుకున్నది తిండి వ్యాపారమే. 1950ల నుంచి హోటళ్లు పెరిగేకొద్దీ ఈ వీధి పూర్తిగా వంటగది సామాన్ల వీధిగా స్థిరపడింది.

కత్తి చెప్పే కథ

కప్పాబషికి వచ్చే విదేశీయుల్లో ఎక్కువమంది వెతికేది కత్తుల కోసమే. 1923లోనే మొదలైన కమతా లాంటి దుకాణాల్లో గోడ పొడవునా, అద్దాల బీరువాల నిండా కత్తులే. వాటి వెనక రెండు చారిత్రక ఘట్టాలున్నాయి. 1876లో మెయిజీ ప్రభుత్వం సమురాయ్‌లు నడుముకు కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. ఖడ్గాలు చేసే కమ్మరుల్లో చాలామంది పనిముట్ల వైపు, వంట కత్తుల వైపు మళ్లారు. దానికి నాలుగేళ్ల ముందు, 1872 జనవరిలో, మెయిజీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నట్టు దేశానికి తెలియజేశారు. బౌద్ధ ప్రభావంతో నాలుగు కాళ్ల జంతువుల మాంసాన్ని శతాబ్దాలుగా చాలావరకు దూరం పెట్టిన సమాజానికి అది పెద్ద మార్పు. కొత్త తిండికి కొత్త కత్తి కావాలి. అలా ఫ్రెంచి వంటవాళ్ల కత్తి నమూనాలో ‘గ్యూతో’ తయారైంది. రెండు వైపులా పదునుండే కత్తి ఇది.

చేపలు కోసే సంప్రదాయ కత్తుల తీరు వేరు. ‘యనాగిబా’ చూడండి. సన్నగా, పొడవుగా, 27 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటుంది. ఒక వైపే పదును. రెండో వైపు లోపలికి కాస్త గుంటగా ఉంటుంది. పచ్చి చేపను రంపంలా ముందుకూ వెనక్కూ కోయకుండా ఒకే లాగుతో ముక్క తీయడానికి అంత పొడవు పెట్టారు. అలా కోస్తే కండ నలగదు, ముక్క అంచు అద్దంలా మెరుస్తుంది. కత్తి వంటికి మెత్తని ఇనుము, అంచుకు గట్టి ఉక్కు. రెండింటినీ కొలిమిలో కాల్చి సుత్తి దెబ్బలతో అతుకుతారు. ఒసాకా పక్కనున్న సకాయ్ పట్టణంలో సాగగొట్టే పని ఒకరిది, సాన పట్టే పని మరొకరిది. ఇద్దరూ తమ తమ పనిలో జీవితమంతా గడిపినవాళ్లే.

కొనేటప్పుడు దుకాణదారు ముందు అడిగేది ధర గురించి కాదు. మీది కుడిచేతివాటమా, ఎడమచేతివాటమా? ఏం కోస్తారు? తుప్పు పట్టే ఉక్కయితే కోసిన వెంటనే తుడిచి ఆరబెట్టే ఓపిక ఉందా? ఇవి తేలాకే కత్తి చేతికిస్తారు. ఒక వైపు పదునున్న కత్తి కుడిచేతివాళ్లకు చేసినదైతే ఎడమచేతివాళ్లకు పనికిరాదు. చాలా దుకాణాల్లో కొన్నవారి పేరును చిన్న ఉలితో అక్కడికక్కడే కత్తి మీద చెక్కి ఇస్తారు. ఉలి, సుత్తి టకటకలాడుతుంటే గీతల్లాంటి జపాన్ అక్షరాలు ఒక్కొక్కటే ఉక్కు మీద పొడసూపుతాయి.

మైనంతో చేసిన క్యాబేజీ

హోటల్ ముందు అద్దాల బీరువాలో నూడుల్స్ గిన్నె. అందులోంచి నూడుల్స్‌తో సహా గాల్లోకి లేచి నిలబడ్డ చాప్‌స్టిక్స్. జపాన్‌లో ఎక్కడ చూసినా కనిపించే ఈ నకిలీ వంటకాలు కప్పాబషిలో దొరుకుతాయి. వీటి కథ కూడా భూకంపంతో ముడిపడింది. 1923 తర్వాత టోక్యోలోని శిరోకియా డిపార్ట్‌మెంట్ స్టోర్ తన భోజనశాల ముందు మైనపు నమూనాలు పెట్టింది. జనం వాటిని చూసి ఏం కావాలో తేల్చుకుని, టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లేవారు. రద్దీ వేళ బేరం చకచకా సాగేది. 1932లో ఇవసాకి తకిజో ఒసాకాలో ఈ నమూనాల వ్యాపారం మొదలుపెట్టి దాన్ని దేశమంతటా ఒక పరిశ్రమగా నిలబెట్టాడు. ఆయన చేసిన తొలి నమూనాల్లో ఆమ్లెట్ ఒకటి. ఆయన సొంతూరు గుజో హచిమాన్ ఇప్పటికీ ఈ పనికి పేరున్న ఊరు. 1970ల నుంచి మైనం స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది. మైనం ఎండకు కరిగేది, రంగు వెలిసేది. ప్లాస్టిక్‌తో ఆ బెడద తగ్గింది.

పాత పద్ధతి ఎలా ఉండేదో చూడాలంటే ఈ వీధిలోనే పర్యాటకుల చేత చేయించే దుకాణం ఉంది. తొట్టెలో గోరువెచ్చని నీళ్లు. ముందు తెల్ల మైనం, దాన్ని ఆనుకుని ఆకుపచ్చ మైనం నీటి మీద పోస్తారు. అది పొరలా పరుచుకోగానే అంచును రెండు చేతులతో పట్టుకుని నీటిలోకి మెల్లగా లాగాలి. పొర పల్చబడి, ముడతలు పడి, ఈనెలు తేలిన ఆకులా మారుతుంది. దాన్ని ఉండలా చుట్టి, వేడి కత్తితో నడిమికి కోస్తే లోపల పొరపొరకూ మడతలు. చూసినవాళ్లు అది తోటలోంచి కోసుకొచ్చిన క్యాబేజీ కాదని నమ్మరు.

రాగి మీద తగరం

మన పెద్దవాళ్లకు వెంటనే చుట్టరికం కలిసే సామాను కూడా ఇక్కడ ఉంది. కోడిగుడ్డు అట్టును పొరలు పొరలుగా చుట్టి చేసే ‘తమగోయాకి’ కోసం చతురస్రంగానో, దీర్ఘచతురస్రంగానో పెనాలుంటాయి. మంచి రకం రాగిది. లోపల తగరం పూత. వసాబి, అల్లం కోరే రాగి కోరాలకూ అదే పూత. ఒకప్పుడు మన వీధుల్లో ‘కళాయి వేస్తాం’ అని కేకేస్తూ వచ్చినవారు ఇత్తడి గిన్నెలకు వేసింది ఈ తగరమే. రాగి, ఇత్తడి పాత్రల్లో పులుపు తగిలితే చిలుము పడుతుంది. తగరం దాన్ని ఆపుతుంది. అయితే తగరం 232 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. అందుకే ఆ పెనాన్ని ఖాళీగా పొయ్యి మీద వదిలేయకూడదని దుకాణంలో చెప్పి మరీ ఇస్తారు.

ఇనుప సామాన్లలో ఇవాతే ప్రాంతపు నంబు కెటిల్స్ పేరున్నవి. 17వ శతాబ్దంలో నంబు ప్రభువులు పోత పనివాళ్లను మొరియోకాకు పిలిపించుకున్నారు. ఆ పని ఈనాటికీ సాగుతోంది. 1908లో మొదలైన కమా-అసా లాంటి దుకాణాల్లో అన్నం వండే ‘హగమా’ కూడా చూడొచ్చు. నడుం చుట్టూ వెడల్పాటి రెక్క ఉన్న ఇనుప కుండ అది. మట్టి పొయ్యి కంతలో ఆ రెక్క ఆని, కుండ కిందికి జారకుండా ఉంటుంది. 1955లో తొషీబా కరెంటు రైస్ కుక్కర్ వచ్చాక ఆ మట్టి పొయ్యిలూ, వాటితోపాటు ఆ కుండలూ చాలా ఇళ్లనుంచి వెళ్లిపోయాయి. అన్నం రుచి కోసం తాపత్రయపడే వంటవాళ్లు మాత్రం ఇంకా వాటిని కొంటూనే ఉన్నారు.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

గింజా లైన్ మెట్రోలో తవరమాచి స్టేషన్‌లో దిగితే కొద్ది నిమిషాల నడక. ఆసియాలో తొలి సబ్‌వే కూడా ఈ గింజా లైనే, 1927 డిసెంబరులో ఉఎనో, అసాకుసాల మధ్య మొదలైంది. ఆదివారాలు చాలా దుకాణాలు తెరవరు. సాయంత్రం ఐదు దాటితే ఒక్కొక్కటిగా మూసేస్తారు. పొద్దున వెళ్లడమే మేలు. ఇది టోకు వ్యాపారుల వీధే అయినా ఒక్క గరిటె కొన్నా ఇస్తారు.

కత్తి కొంటే విమానంలో చేతిసంచిలో పెట్టుకోకూడదు, చెకిన్ చేసే పెట్టెలోనే సర్దాలి. ఇనుప టీ పాత్ర లోపల ఎనామిల్ పూత ఉంటే అది టీ పోసుకోవడానికే తప్ప పొయ్యి మీద పెట్టడానికి కాదు. కరెంటు కుక్కర్ ఎంత నచ్చినా తొందరపడి కొనకండి. జపాన్ కరెంటు 100 వోల్టులు, మనది 230.

మన బజార్ల సంగతి

ఇన్ని దెబ్బలు తిన్నా కప్పాబషి నిలిచిందంటే కారణం ఒక్కటే. అమ్మేవాడికి తన సరుకు ఎక్కడ పుట్టిందో, ఎలా వాడాలో, పాడైతే ఎలా బాగుచేయాలో తెలుసు. కత్తి సకాయ్‌దా, మరో ఊరిదా అన్నది ముందే చెబుతాడు. మొద్దుబారితే మళ్లీ సాన పడతాడు. కొన్నవాళ్లతో చుట్టరికం ఏళ్ల తరబడి సాగుతుంది.

మనకూ అలాంటి సరుకుంది. హైదరాబాద్ బేగం బజార్‌లో గిన్నెల దుకాణాలు బారులు తీరి ఉన్నాయి. జనగామ దగ్గర పెంబర్తిలో, శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పనివాళ్లున్నారు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క రంగులు ఎక్కించే చేతులున్నాయి. లేనిదల్లా ఆ వస్తువుల వెనకున్న ఊరినీ, పనినీ కొనేవాళ్లకు పరిచయం చేసే అలవాటు. ఈసారి ఇత్తడి గిన్నె కొన్నప్పుడు అది ఏ ఊళ్లో పోత పోసిందో దుకాణదారుని అడగండి. ఇంట్లో అటక మీదున్న పాత గుండిగను తూకానికి వేసేముందు కళాయి వేసేవారెవరైనా ఉన్నారేమో వెతకండి. మనం అడగడం మొదలుపెడితేనే మన బజార్లు చెప్పడం మొదలుపెడతాయి.