టీకా వేస్తే చాలదు.. లెక్క కూడా సరిగ్గా ఉండాలి

ఆసుపత్రిలో బిడ్డ పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా వేస్తారు. అప్పటికి పేరు పెట్టి ఉండరు కాబట్టి చాలాసార్లు తల్లి పేరు మీదే రాస్తారు. అకీఖా అయ్యాక ఆరో వారం టీకాకు తీసుకెళ్తే ఒకచోట 'మొహమ్మద్' అని, మరోచోట 'ఎండీ' అని ఎక్కుతుంది. పాత నమోదు వెతక్కుండా కొత్తది తెరిస్తే లెక్కలో ఒక బిడ్డ కాస్తా ఇద్దరవుతారు.

యూ-విన్ అంటే?

సార్వత్రిక టీకా కార్యక్రమం దేశంలో 1985లో మొదలైంది. గర్భిణులు, పిల్లల టీకాలను పేరుపేరునా నమోదు చేసే డిజిటల్ వేదికే యూ-విన్. 2023 జనవరిలో దీన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. టీకాల నిల్వలు, వాటిని ఉంచే చోట ఉష్ణోగ్రత చూసుకోవడానికి ఈ-విన్ అనే మరో వ్యవస్థ ఉంది.

సిబ్బందికి ఏం రావాలి?

ఫోన్‌లో వివరాలు ఎక్కించడం ఒక్కటే వస్తే సరిపోదు. ఏఎన్‌ఎంలు, డేటా ఎంట్రీ ఆపరేటర్లు ఆ అంకెలను చదవగలగాలి. ఉదాహరణకు, పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు వేస్తారు. మొదటి డోసు 100 మంది, మూడోది 85 మంది వేయించుకుంటే 15 శాతం మధ్యలో ఆగిపోయినట్టు. వాళ్ల ఇళ్లకు వెళ్లాలి. అదే మూడో డోసు లెక్క 110 వచ్చిందంటే? వేరే ఊరి పిల్లలైనా వచ్చి ఉండాలి, నమోదులోనైనా తప్పు జరిగి ఉండాలి. రిజిస్టర్‌ను, యాప్‌ను పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి తేలుతుంది. ఇలా సరిచూసే అలవాటు శిక్షణతోనే వస్తుంది.

తప్పు లెక్కతో నష్టమేంటి?

తట్టు వ్యాపించకుండా ఉండాలంటే 95 శాతం పిల్లలకు రెండు డోసులూ పడాలి. కాగితం మీద బస్తీ అంతా పూర్తయినట్టు కనిపిస్తే అక్కడ మళ్లీ శిబిరం పెట్టరు. మిగిలిపోయిన పిల్లలు మిగిలిపోయినట్టే.

కుటుంబాలు ఏం చేయాలి?

పుట్టింట్లో కాన్పు అయి అత్తగారింటికి వచ్చినా టీకా కార్డు వెంట తెచ్చుకోవాలి. ప్రతిసారీ అదే మొబైల్ నంబర్ ఇవ్వాలి. పేరు పెట్టాక జనన ధ్రువపత్రంలో ఉన్న స్పెల్లింగే చెప్పాలి. ముందే నమోదై ఉంటే ఆ మాట ఏఎన్‌ఎంకు గుర్తు చేయాలి.