పాతకొయ్య – ప్రతిమాశాస్త్రము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములందుఁ బాతయిండ్లు విప్పునపుడు వచ్చు టేకుదూలములు, ద్వారబంధములు పొయ్యిపాలగుట మనవారెల్ల రెఱిఁగినదే. వానితో బొమ్మలు చెక్కరాదా యన్న, దోషముగల దారువు శాస్త్రనిషిద్ధమని కొందఱు పెద్దలు వారించుచున్నారు. ఆ శాస్త్రమునే చూతము.

క్రీ. శ. 6వ శతాబ్దివాఁడగు వరాహమిహిరుఁడు బృహత్సంహితలోని వనసంప్రవేశాధ్యాయమునఁ బిడుగుపడినవి, తమంతఁ గూలినవి, ఏనుఁగులు నలిపినవి, ఎండినవి, కాలినవి, తేనెపట్టు గలవి, శ్మశానమునఁ బుట్టినవి యగు వృక్షములు వర్జ్యములనెను. వీనిలోఁ గొన్నింటిని బగులు, పురుగు భయముచేతనే విడిచెనని మా యూహ. ఎన్నుకొన్న వృక్షమును రాత్రి పూజించి, ప్రాతఃకాలమున నీటఁ దడిపి, తేనెయు నేయియుఁ బూసిన గొడ్డలితో నీశాన్యమునుండి నఱకవలెను. ఇది పూజాప్రతిమకై నిలిచియున్న చెట్టును గొట్టు విధి. ఏనాఁడో కోసి, గోడలనడుమఁ దరములు మోసిన దూలమున కిది యెట్లు వర్తించును? అందు దేవతామూర్తిని గాక లోకరూపములఁ జెక్కువాని కడ్డెక్కడ?

కొండపల్లిలోఁ దెల్లపొణికికొయ్యతో నవయవములు వేఱువేఱుగఁ జెక్కి, చింతగింజలపొడియు రంపపుపొట్టుఁ గలిపిన మక్కుతో నతుకుదురు. రాలిన పొట్టు సైతము బొమ్మమేనఁ జేరుచున్నది! నిండుమ్రాను లేదని చేయి ముడుచుకొననేల?

వచ్చు సభనాఁటికిఁ బ్రతిగ్రామమున నొక్క ద్వారబంధమునైనఁ బొయ్యికిఁ బోనీక మన పనివాండ్ర కిప్పింపుఁడని పోషకమహాశయులను వేఁడుచున్నాము.