చైకోవ్‌స్కీ మరణ వివాదం

రష్యన్ స్వరకర్త ప్యోతర్ ఇల్యిచ్ చైకోవ్‌స్కీ 1893 నవంబరు 6న (పాత రష్యన్ క్యాలెండరులో అక్టోబరు 25) సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తమ్ముడు మొదెస్త్ ఇంట్లో మరణించాడు. అప్పటికి వయసు 53. ఆరో సింఫనీ తొలి ప్రదర్శనను స్వయంగా నిర్వహించి తొమ్మిది రోజులే అయింది. కలరాతో పోయాడని వైద్యులు చెప్పారు. ఆ మాట అందరూ నమ్మలేదు.

అనుమానానికి మూలం సాక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడమే. అన్న మరణానికి ముందరి గురువారం మధ్యాహ్నం కాచని నీళ్లు తాగాడని మొదెస్త్ రాశాడు. కానీ ఆ పొద్దుటికే ఆయన కడుపు చెడింది. వైద్యుడు లెవ్ బెర్టెన్‌సన్ పత్రికకు చెప్పిన తేదీలు మొదెస్త్ లెక్కకు కుదరవు. కలరా మృతుడి భౌతికకాయం చూడటానికి జనాన్ని రానివ్వడం, ఒకరు ముద్దుపెట్టుకోవడం తనకు వింతగా తోచాయని స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఆత్మకథలో రాసుకున్నాడు.

సోవియట్ యూనియన్ విడిచి వెళ్లిన సంగీత చరిత్రకారిణి అలెగ్జాండ్రా ఓర్లోవా 1980 ప్రాంతంలో మరో కథనం ముందుకు తెచ్చింది. ఒక ప్రభువంశ యువకుడితో చైకోవ్‌స్కీ సంబంధంపై జార్‌కు ఫిర్యాదు రాశారని, అది బయటపడితే పరువు పోతుందని ఆయన చదివిన న్యాయవిద్యా పాఠశాల పూర్వవిద్యార్థులు రహస్యంగా సమావేశమై విషం తాగమని ఆయనను ఆదేశించారని దాని సారాంశం. ఓర్లోవాకు ఈ సంగతి 1966లో వోయితోవ్ అనే వ్యక్తి చెప్పాడు. వోయితోవ్‌కు చెప్పింది ఆ సమావేశం జరిపాడంటున్న యాకోబి భార్య. నోటి మాట తప్ప కాగితం ముక్క కూడా లేదు. ఇంత పెద్ద నింద మోపడానికి ఈ ఆధారం ఏమాత్రం చాలదు.

1988లో పరిశోధకుడు అలెగ్జాండర్ పొజ్నాన్‌స్కీ దీన్ని గట్టిగా ఖండించాడు. స్వలింగ సంబంధాలు చట్టరీత్యా నేరమే అయినా, ఆనాటి పైవర్గాల్లో వాటిని చూసీచూడనట్టు వదిలేసేవారని చూపించాడు.

వైద్యపరంగా చూసినా కలరాయే సరిపోతుంది. క్రిములు లోపలికి వెళ్లాక కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లోపు వ్యాధి బయటపడుతుంది కాబట్టి గురువారం నాటి గ్లాసు నీళ్లే కారణం కానక్కర్లేదు. కలరా ప్రధానంగా కలుషితమైన నీరు, ఆహారం ద్వారా సోకుతుంది. వాంతులు, విరేచనాలు, కండరాల నొప్పులు తగ్గాక ఆయన మూత్రపిండాలు పనిచేయలేదు. వేడినీళ్ల స్నానం చేయించాలన్నారు వైద్యులు. 1854లో తల్లి కలరాతోనే, అలాంటి స్నానం చేయిస్తుండగా చనిపోయింది కనుక ఇంట్లోవాళ్లు భయపడ్డారు. స్నానం ఆలస్యమైంది.

1980 నాటి గ్రోవ్ సంగీత నిఘంటువు ఆత్మహత్యనే వాస్తవంగా రాసింది. 2001 కూర్పు ఆ తీర్పును నిలబెట్టలేదు.