క్యాడిలాక్ అన్నది సగం పేరే

పాత అమెరికా ఫొటోల్లో శవవాహనం కనిపించిందంటే కింద దాదాపు ఒకటే రాసుంటుంది: 'క్యాడిలాక్ హర్స్' అని. మన వైకుంఠ రథానికి వాళ్ళ పేరు హర్స్ లెండి. ఆ రాసింది సగమే నిజం. సగం అంటే ఏదో మాటవరసకి కాదు, అక్షరాలా బండిలో ముందు సగం!

విషయమేంటంటే, క్యాడిలాక్ వాళ్ళు పూర్తి శవవాహనం తయారు చేసేవాళ్ళు కాదు. 'కమర్షియల్ చాసిస్' అని ఇంజను, చక్రాలు, ముందు భాగం మాత్రం ఇచ్చేవాళ్ళు. 1959 మోడల్ మామూలు సెడాన్‌లో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 130 అంగుళాలైతే, ఈ చాసిస్‌లో 156. ఇక ముందు అద్దం దాటి వెనకున్నదంతా వేరే కంపెనీ కట్టేది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టడం చూసినవాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే ప్లాట్‌ఫారమ్ ఒకరిది, అప్లికేషన్ ఇంకొకరిది.

ఈ బాడీలు కట్టేవాళ్ళలో పెద్ద పేర్లు చాలావరకు ఒహాయో రాష్ట్రానివే. సిన్సినాటిలో సేయర్స్ అండ్ స్కోవిల్ (1876లో గుర్రబ్బళ్ళతో మొదలెట్టారు, 1942లో హెస్ అండ్ ఐసెన్‌హార్ట్ చేతికొచ్చింది), లైమాలో సుపీరియర్, పిక్వాలో మిల్లర్-మీటియర్. ఇల్లినాయ్‌లో హెన్నీ, యురేకా.

మరి ఫొటో చూసి ఎవరు కట్టారో పట్టుకోవడం ఎలా? ఒక వరుస ఉంది.

ముందు భాగం సంవత్సరం చెప్తుంది. గ్రిల్, హెడ్‌లైట్లు, తోక రెక్కలు ఏటేటా మారేవి కదా. ఆకాశాన్నంటే రెక్కలు, బుల్లెట్లలాంటి జంట ఎర్రలైట్లు ఉంటే అది 1959. ముందు భాగం ప్యాకర్డ్‌దై, 1930ల చివరి నుంచి 1954 లోపుదైతే హెన్నీ అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

వెనక భాగం కట్టినవాళ్ళని చెప్తుంది. పైకప్పు వంపు, పక్క కిటికీల ఆకారం, నీళ్ళు కారకుండా కప్పు అంచున వేసే పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందీ... ఇవే వేలిముద్రలు. పేరున్న చిన్న బిళ్ళ ఎక్కడో ఉంటుంది కానీ ఫొటోలో కనబడటం అదృష్టం. కంపెనీ చరిత్ర కూడా సాయపడుతుంది. మిల్లర్ వేరు, మీటియర్ వేరు. 1950ల మధ్యలో వేన్ కంపెనీ రెండిటినీ కొని కలిపింది. కాబట్టి 1940ల ఫొటో కింద 'మిల్లర్-మీటియర్' అని ఉంటే అది తప్పని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

వెనక పక్కల మీద ఎస్ ఆకారంలో మెరిసే కడ్డీ ఉంటే దాన్ని లాండౌ బార్ అంటారు. గుర్రబ్బండి టాపు మడవడానికి వాడిన ఇనప కీలుకి గుర్తు. కార్లో దానికి ఏ పనీ లేదు, సేవ్ బటన్ మీద ఫ్లాపీ బొమ్మలాగా. అయితే ఒక జాగ్రత్త. పొడుగు బండి కనిపించగానే శవవాహనం అనెయ్యకూడదు. 1966లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో అంబులెన్స్ సేవల్లో సుమారు సగం నడిపింది 12,000 మంది అంత్యక్రియల నిర్వాహకులే! మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్ళే బండి వాళ్ళ దగ్గరే ఉండేది మరి. పొద్దున అంబులెన్సు, సాయంత్రం శవవాహనం అయ్యే జంట బండ్లు కూడా అమ్మేవాళ్ళు. కప్పు మీద దీపం ఉందా, కిటికీలకి తెరలున్నాయా అని చూసుకోవాలి.

ఇప్పుడు అందరూ చూసిన ఫొటోల దగ్గరికొద్దాం. 1963 నవంబర్ 22, డాలస్. కెనెడీ మీద కాల్పులు జరిగినప్పుడు ఆయన కూర్చున్నది లింకన్ కారు. దాన్ని కోసి, పొడిగించి అధ్యక్షుడి బండిగా మార్చింది హెస్ అండ్ ఐసెన్‌హార్ట్, అంటే శవవాహనాల కంపెనీయే. ఆసుపత్రి నుంచి విమానం దాకా శవపేటికని తీసుకెళ్ళింది క్యాడిలాక్ చాసిస్ మీద మిల్లర్-మీటియర్ కట్టిన బండి. అది 1964 మోడల్. 1963లో 1964 మోడలా, ఫొటో నకిలీయా అని కంగారు పడకండి, అమెరికాలో కొత్త మోడల్ ముందు ఏడాది శరత్కాలంలోనే వచ్చేస్తుంది. ఆ రాత్రి ఆండ్రూస్ విమానాశ్రయంలో ఎదురొచ్చిన బూడిద రంగు నేవీ బండి శవవాహనం కాదు, అంబులెన్స్. పోంటియాక్ మీద సుపీరియర్ కట్టింది. ఒక్క రోజు, మూడు బండ్లు, మూడూ ఒహాయో కంపెనీలవే. క్యాప్షన్లలో మాత్రం లింకన్, క్యాడిలాక్, పోంటియాక్.

దీనివల్ల ఎవరికేం నష్టం అంటారా? 2011 జనవరిలో ఆ నేవీ అంబులెన్స్ ఇదేనంటూ ఒక పోంటియాక్‌ని వేలంలో 1,20,000 డాలర్లకి పాడారు. అసలు బండిని 1986లోనే నుజ్జు చేయించారని చెప్పే కాగితాలు, ఫొటోలు బయటికొచ్చి పెద్ద గొడవైంది. ఒకే ఏడాది, ఒకే కంపెనీ, ఒకే రంగు బండ్లు బోలెడుంటాయి. 'ఇలాంటి బండి' అనడానికీ 'ఈ బండే' అనడానికీ మధ్య ఎంత దూరముందో, ఒక ఫొటోని ఇంకో ఫొటోతో అంగుళం అంగుళం పోల్చేవాళ్ళకే తెలుస్తుంది. చరిత్రకి వాళ్ళు చేసేది క్యూఏ పని. ఎవరూ థాంక్స్ చెప్పరు, వాళ్ళు లేకపోతే మాత్రం అబద్ధం ప్రొడక్షన్‌కి వెళ్ళిపోతుంది.

ఇంకో మాట. మనలో చాలామందిమి రాసే కోడ్ మీద క్లయింటు లోగోయే ఉంటుంది. ఇరవయ్యేళ్ళ తర్వాత ఎవడో ఒకడు స్క్రీన్‌షాట్ చూసి, ఇది కట్టింది ఫలానా టీమ్ అని గుర్తుపడతాడా? పిక్వాలో రేకు వంచిన పనివాళ్ళకి కనీసం ఆ పైకప్పు వంపు అయినా మిగిలింది. ఈసారి పాత ఫొటోలో పొడుగు నల్లబండి కనిపిస్తే ముందున్న బొమ్మ దగ్గరే ఆగిపోకుండా కాస్త వెనక్కి కూడా చూడండి.