ధ్యానము అందరికి ఏల కుదరదు?



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పల్లెలలో పెద్దలు నన్ను తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "పంతులుగారూ, కన్నులు మూసికొని కూర్చుండిన చాలును, శాంతి కలుగునని యందరు చెప్పుచున్నారు. మేమును కూర్చుంటిమి. మనసు నిలువలేదు. ఇది మా పాపమా?" అని. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ధ్యానమే జీవితముగా బెట్టుకొనినవారు సుమారు రెండువేల యేండ్ల క్రిందట ఈ నేలమీదనే వసించిరి. వారు చదివిన శాస్త్రములలోనే దీనికి సమాధానము కలదు. దానిని మీకు విన్నవించుటయే నేటి నా ప్రసంగము.

సూర్యాపేట జిల్లా నాగారం మండలములో ఫణిగిరి యను గ్రామము కలదు. అచ్చటి గుట్ట పాముపడగవలె దోచుటచే ఆ పేరు వచ్చినదందురు. 1941 మొదలు 1944 వరకు నిజాము ప్రభుత్వ పురావస్తు శాఖవారును, 2001 తరువాత మరల మన ప్రభుత్వమువారును అచ్చట త్రవ్వకములు జరిపిరి. మహాస్తూపము, చైత్యగృహములు, స్తంభముల మండపము, భిక్షువులు వసించిన చిన్నచిన్న గదుల వరుసలు బయల్పడినవి. అచ్చటి తోరణ శిల్పము 2023లో న్యూయార్కు నగరపు ప్రదర్శనశాల వరకు వెళ్లి వచ్చినది. కోదాడ దాటి ఖమ్మము వైపు వెళ్లినచో నేలకొండపల్లిలో ఇటుకల స్తూపము కానవచ్చును. మిర్యాలగూడ దాటి కృష్ణ వైపు వెళ్లినచో నాగార్జునకొండ. ఆ లోయ నేడు జలాశయమున మునిగియున్నను, అందలి శాసనములు మనకు దక్కినవి. ఆ యొక్క లోయలోనే బహుశ్రుతీయులకు, మహీశాసకులకు, అపరమహావినశైలీయులకు వేరువేరు విహారము లుండెను. సింహళమునుండి వచ్చిన ఆచార్యులకు సైతము బోధిసిరి యను ఉపాసిక చైత్యగృహమును గట్టించెను. బుద్ధు డొక్కడే, మార్గములు మాత్రము పెక్కు.

బుద్ధుని మాట తెలుగునేలకు ఎట్లు వచ్చినదో తెలుపు పురాతన కథ యొకటి సుత్తనిపాత మను పాళీ గ్రంథమున నున్నది. గోదావరీ తీరమున బావరి యను బ్రాహ్మణు డాశ్రమము గట్టుకొని యుండెను. ఆ యాశ్రమము నేటి నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి లంకయని చరిత్రకారులు కొందరి యభిప్రాయము. ఆయన తన పదునార్గురు శిష్యులను బుద్ధుని యొద్దకు బంపెను. వారు చిరకాలము నడిచి మగధ చేరి ఒక్కొక్కరు ఒక్కొక్క ప్రశ్న యడిగిరి. వ్యాఖ్యానకర్తలు చెప్పినది వినుడు. పదునైదుగురు ఆనాడే పరమపదము నందుకొనిరి. కడపటివాడగు పింగియుడు మాత్రము అందుకొనలేకపోయెను. అతడు వృద్ధుడు; చూపు తగ్గినది, చెవి మందగించినది. అంతకంటె బలవత్తరమైన కారణ మింకొకటి గలదు. బోధ వినుచుండగా, "అయ్యో, గోదావరి యొడ్డున మా మేనమామ యీ మాట వినకపోయెనే" అని అతని మనసు బావరి మీదికి బోయినది.

గురువొక్కడే, బోధ యొక్కటే, చోటొక్కటే. అయినను ఫలము వేరు. పింగియుని మనసును లాగినది దుర్గుణమా? కాదు, ప్రేమ. అతనిని ఎవ్వరును నిందింపలేదు. అతడు తిరిగివచ్చి మామకు బుద్ధుని గూర్చి చెప్పెను. పిమ్మట అతనికిని ఫలము దక్కెనని కథ.

మరి కుదరని ధ్యానము హానిచేయునా? చేయును. వైశాలిలో భిక్షువులు శరీరపు టశుభమును గూర్చి ధ్యానించి, దేహముపై రోతపుట్టి, అనేకులు ప్రాణములు విడిచిరని వినయపిటకమే చెప్పుచున్నది. అది తెలిసిన పిదప బుద్ధుడు మిగిలినవారికి ఊపిరిని గమనించు వేరొక పద్ధతిని బోధించెను. ఇంకొక కథ: సారిపుత్రుడు ఒక కంసాలి కొడుకునకు, పడుచువాడు గదా యని, ఆ యశుభధ్యానమునే యిచ్చెను. నెలలు గడచినను ఫలము లేదు. బుద్ధు డాతనికి బంగారు తామరపూవు నొకదానిని చూపెను. మేలిమి బంగారముతో మెలగిన మనసు దానిపై నిలిచినది. ఆ పూవు కన్నులయెదుటనే వాడిపోగా, సర్వము అనిత్యమని యతడు గ్రహించెను. కుదరనిది శిష్యుడు గాదు, ఔషధము.

ఐదవ శతాబ్దివాడైన బుద్ధఘోషుడు సింహళమున విశుద్ధిమార్గమును రచించి ఈ విషయమును శాస్త్రముగా గూర్చెను. ధ్యానవిషయములు 40, మనుష్యుల స్వభావములు 6. రాగము హెచ్చైనవాడు, కోపి, మందబుద్ధి, శ్రద్ధాళువు, ప్రజ్ఞావంతుడు, తలపులు తెగనివాడు. కోపికి మైత్రీభావన, తలపులు తెగనివానికి ఊపిరి, ప్రజ్ఞావంతునకు మరణస్మృతి. వసతి సయితము వేరు: కోపికి శుభ్రమై ఇంపైన చోటు, మందునకు దిక్కులు కనబడు బయలు. ఇక అంతరాయములు పది. అందు కుటుంబము, పని, బంధువులు, రోగము చేరియున్నవి. వీనిని వదలించుకొనిన పిదపనే ధ్యానమునకు గూర్చుండుమనెను. గృహస్థుడు నాల్గింటిని నెత్తినెత్తుకొనియే కూర్చుండును గదా!

మన వైదిక శాస్త్రములు చెప్పునదియు నిదియే. పతంజలి చిత్తమును చెదరగొట్టు విఘ్నములను లెక్కించుచు మొదట రోగమునే చెప్పెను. ఉపాయములు పెక్కు చెప్పి, కడపట ఎవరికి ఇష్టమైన దానిని వారు ధ్యానింపవచ్చుననెను. గీత పండ్రెండవ యధ్యాయమున భగవానుడు, మనసు నిలుపలేనివానికి అభ్యాసము, అదియు చేతగానివానికి తనకై చేయు కర్మ, అదియు చేతగానివానికి ఫలత్యాగము అని మెట్లు దింపి చూపెను. దీనినే మనవారు అధికారిభేదమందురు.

నేటి వైద్యశాస్త్రమును దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. అమెరికా దేశపు పండితులు 2017లో ప్రకటించిన యొక పరిశోధనలో, ధ్యానము చేయువారిలో కొందరికి భయము, నిద్రలేమి మున్నగు బాధలు కలిగినట్లు వ్రాసిరి. కావున ధ్యానముచే దిగులు హెచ్చినచో పట్టుదలతో కొనసాగింపరాదు. ఆపి వైద్యునితో చెప్పుకొనవలెను.

పెక్కేండ్లు బడిపిల్లలకు అక్షరములు దిద్దించినవాడను. ఒకడు వ్రాసి నేర్చును, ఒకడు విని నేర్చును, ఒకడు ఇసుకలో వేలితో దిద్దిననే గాని నేర్వడు. నల్లరేగడికి దగిన విత్తనమును చెలకలో జల్లి, మొలవలేదని చెలకను దిట్టు రైతు మనలో లేడు. మనసు విషయమున మాత్రము మనము నేలనే దిట్టుచున్నాము. ఇంటిలో ఎవరికేని ధ్యానము కుదరకున్నచో, భక్తి లేదని కోడలినిగాని, నిలకడ లేదని కొడుకునుగాని నిందింపకుడు. ఒకరికి భజన, ఒకరికి చేనిపని, ఒకరికి రోగికి జేయు సేవ మనసును నిలుపును. ఫణిగిరి గుట్టపై ఇక్ష్వాకురాజు రుద్రపురుషదత్తుని 18వ రాజ్యవర్షమున ధర్మచక్రమును నిలిపినవాడు ఆ రాజుగారి ప్రధాన వైద్యుడని అచ్చటి శాసనము చెప్పుచున్నది. రోగిని జూచి మందిచ్చుట వైద్యుని ధర్మము; మనిషిని జూచి మార్గము జెప్పుట గురువు ధర్మము.